కర్నూల్లో సాయంత్రం ఆరు దాటినాక యాడికి పోవాల? (స్వీట్లు, కచేరీలు, నాటకాలు)

హంద్రీ_ఒడ్డు
బెంగుళూరు వదిలేసి ఊరికొచ్చి ఇంట్లోనుంచే పని చేసుకుంటాండా. పగలు బానే గడుస్తాది, లాప్‌టాప్ మూసినాకనే అసలు బాధ. మా ఆవిడది విజయవాడ. ఆమె మాట ఏందంటే, "మీ ఊర్లో కొండారెడ్డి బురుజు చూసేశాం, బిర్యానీ తినేశాం, ఇంకేముంది?" అని. సినిమాకు పోదామంటే నెల ఆగితే ఇంట్లోకే వస్తాది కదా అంటాది, అదీ నిజమే. చిన్నప్పుడు మా నాయన నాటకాలకు తీస్కపోతాండ్య, పాటకచేరీలు అంటాండ్య, అవన్నీ ఇప్పుడు ఉన్నాయా లేవా అని కూడా నాకు తెల్దు. మంచి స్వీటంగడి, కూచోని పాట వినే జాగా, నాటకమో సినిమానో ఆడే చిన్న థియేటరు, ఈ మూడూ చెప్పండి. మాల్ అనొద్దు. పెద్ద బ్రాండ్లు వద్దు. ఊరోళ్ళు పొయ్యేవి కావాల.

ఉగ్గాని_బజ్జి
పెద్ద బ్రాండ్లు వద్దంటే ఎట్ల సామీ, ఆ పెద్ద బ్రాండు పుట్టిందే మన ఊర్లో కదా. పుల్లారెడ్డి స్వీట్స్ 1948లో మొదలయింది కర్నూల్లోనే. హైదరాబాదోళ్ళు అది వాళ్ళ సొంతం అనుకుంటారు, మనోళ్ళేమో హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఆ డబ్బానే మోసుకొస్తారు. మా మేనమామ అబిడ్స్‌లో కొని కర్నూలుకు తెచ్చినాడు, మా అవ్వ డబ్బా చూసి "దీన్ని మళ్ళా పుట్టింటికి తెచ్చినావేంరా" అనింది.

బురుజు_కింద
వదినకు నా సపోర్టు. సినిమావాళ్ళదీ అదే లెక్క, కర్నూలంటే బురుజు ముందర నాలుగు సుమోలు గాల్లోకి లేపితే సరిపాయె.

సి_క్యాంప్_రూప
నాటకాలు లేవని ఎవరన్నారు అన్నా? సి క్యాంప్‌లో టీజీవీ కళాక్షేత్రం ఉంది కదా. మా ఇంటికి నడిచిపోయేంత దూరం. ఒకరోజు పిల్లల కూచిపూడి, ఒకరోజు పద్యనాటకం, ఒకరోజు పాత పాటల పోటీ, ఏదో ఒకటి ఉంటూనే ఉంటది. చానామటుకు టికెట్ కూడా ఉండదు. పోయేవాళ్ళే లేరు.

పాతబస్టాండ్_పాషా
రూపక్కా, ఉంటది సరే, ఎప్పుడుంటదో మాకెట్ల తెలియాల? బర్త్‌డేలకు ఊరంతా ఫ్లెక్సీలు కడతారు, నాటకానికి ఒక్క ఫ్లెక్సీ కనపడదు. తెల్లారి పేపర్లో జిల్లా పేజీలో "ఆకట్టుకున్న నాటకం" అని ఫోటో వేస్తారు. ఆకట్టుకున్నాక చెప్తే ఏం లాభం.

ఉగ్గాని_బజ్జి
పాషా భాయ్ 😂 ఇదొక్కటే నిజం ఈ థ్రెడ్‌లో

హార్మోనియం_మామ
కొంచెం వివరంగా రాస్తా, ఓపిక ఉన్నోళ్ళు చదవండి.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది కదా, అప్పుడు ఆఫీసులకు జాగా లేక గుడారాలు వేసినారు, ఉద్యోగుల కోసం క్వార్టర్లు కట్టినారు, అవే ఎ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్. 1956లో రాజధాని హైదరాబాద్‌కు పోయింది, క్యాంపుల పేర్లు మాత్రం ఉండిపోయినాయి. రాజధాని ఉన్న ఆ మూడేండ్లలో అన్ని జిల్లాల ఉద్యోగస్తులు ఈడికొచ్చి చేరినారు, సాయంత్రమైతే వాళ్ళే వేషాలు కట్టేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. నాటకాల పిచ్చి అంతకుముందే ఉంది అనుకోండి, రాయలసీమ పల్లెల్లో పద్యం పాడలేని ఊరే ఉండదు, పంచాయతీ చెట్టు కింద గొర్లు కాసేవాడు కూడా కృష్ణరాయబారం పద్యం ఎత్తుకుంటాడు.

కళాక్షేత్రం దగ్గరికి వస్తా. లలిత కళా సమితి వాళ్ళదే అది. ఆడ పద్యనాటకం చూసే పద్ధతి ఒకటుంది. ముందు వరసలో కూచోవద్దు, అవి పెద్దమనుషులకు, వాళ్ళు మధ్యలో లేచి పోతాంటారు. నాలుగో అయిదో వరసలో, హార్మోనియం ఏ పక్క ఉంటే ఆ పక్క కూచోవాల. ఎందుకంటే ఆట మొత్తం ఆ హార్మోనియం ఆయన చేతిలో ఉంటాది. నటుడు పద్యం అందుకునేముందు పెట్టె మీద శృతి చూపిస్తాడు చూడండి, నటుడు పెద్ద వయసోడైతే అర మెట్టు కిందికి దించి ఇస్తాడు, అది ఎవరికీ తెలియకుండా చేస్తాడు. రాగం తీసేటప్పుడు నటుడు ఊపిరి అందక ఆగితే ఆ సందు పెట్టెతో పూడుస్తాడు. చప్పట్లన్నీ కిరీటానికి పోతాయి.

స్టేజీ పైనుంచి మైకులు ఏలాడతాంటాయి. ధర్మరాజు యాడ నిలబడి మాట్లాడినా, పద్యం రాగానే రెండడుగులు వేసి మైకు కిందికే వస్తాడు. కొత్తగా చూసేవాళ్ళకు నవ్వొస్తది. నాకు అదే ముచ్చట.

నంద్యాల_చెక్‌పోస్ట్
మామా మీరు వాయిస్తారా చూస్తారా?

హార్మోనియం_మామ
రిటైరయినాక వాయిస్తాండా. అంతకుముందు ఉద్యోగం నన్ను వాయించింది.

అనంత_ఎండ
కర్నూలోళ్ళు నాటకం గురించి మాట్లాడితే అనంతపురమోడు గమ్మునుంటాడా అప్పా. బళ్ళారి రాఘవ పుట్టింది యాడ? తాడిపత్రి. 1880లో. ఆంధ్ర నాటక పితామహుడు అన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు యాడోడు? ఇంటిపేర్లోనే ఉంది. మాకూ లలిత కళా పరిషత్ ఉంది, నాటకాలు ఆడతానే ఉంటారు. స్వీట్ అంటారా, మా ఊర్లో ఓళిగల (బొబ్బట్ల) అంగళ్ళు చూడండి, సాయంత్రమైతే పెనం చల్లారదు. బ్యాళ్ళ ఓళిగ, కొబ్బరి ఓళిగ. మీ మాదిరి డబ్బాల్లో పెట్టి రిబ్బన్ కట్టం, పేపర్లో పెట్టి చేతికిస్తారు, నెయ్యి కారతాంటే తినాల.

బురుజు_కింద
బళ్ళారి రాఘవ పేరేమో బళ్ళారిది, ఊరేమో తాడిపత్రి, ధర్మవరం ఆయన నాటకాలు ఆడించింది కూడా బళ్ళారిలోనే. మీ వాళ్ళంతా బళ్ళారి పోయి పేరు తెచ్చుకున్నోళ్ళే కదప్పా.

అనంత_ఎండ
అప్పట్లో అంతా ఒకే మద్రాసు రాష్ట్రం, బళ్ళారి అంటే మాకు పక్కిల్లు లెక్క. మీది మాత్రం, పుల్లారెడ్డి హైదరాబాద్ పోయి పెద్దయిండ్లేదా?

ఉగ్గాని_బజ్జి
ఇది దెబ్బ.

దేవునికడప_బాబు
మీరు మీరు కొట్టుకోండి. సురభి నాటకాలు పుట్టింది కడప జిల్లాలో, 1885లో, సురభి అనే పల్లెలో ఒక పెండ్లిలో ఆడిన నాటకంతో. వనారస గోవిందరావు. ఆ ఊరిపేరే కంపెనీ పేరయింది. ఇంక దీని మీద చర్చ లేదు, థ్రెడ్ క్లోజ్ చేయండి 😎

హార్మోనియం_మామ
బాబూ, సురభికి దండం పెడతా, దాంట్లో ఎవరికీ గొడవ లేదు. తరాల తరబడి కుటుంబం కుటుంబమంతా అదే పని. పిల్లోడు నడక నేర్చినాడంటే బాలకృష్ణుడి వేషం. స్టేజీ మీద వాన, మంటలు, గాల్లో లేచిపోయే ఘటోత్కచుడు, అన్నీ తాళ్ళూ పరదాలతోనే. కానీ సురభి గొప్ప కదా అని ఇప్పుడు కడపలో ఈ శనివారం నాటకం ఉందా? అది చెప్పు.

దేవునికడప_బాబు
నేక్‌నామ్ కళాక్షేత్రంలో ఏదో ఒకటి ఉంటది మామా... కనుక్కుంటా.

పాతబస్టాండ్_పాషా
"కనుక్కుంటా." చూసినారా, నేను చెప్పిందే. ఉంటది, ఎప్పుడో తెల్దు.

దేవునికడప_బాబు
సరే పాషా భాయ్, మీకు పనికొచ్చేది చెప్తా. మా పెద్ద దర్గా ఉరుసుకు రండి. ఖవ్వాలీ రాత్రి మొదలైతే తెల్లార్లూ సాగుతాది, కార్డు లేదు, టికెట్టు లేదు, కింద కూచోని వినాల. ముషాయిరా, అంటే ఉర్దూ కవుల సభ, అది కూడా ఉంటది. ఏ.ఆర్. రెహమాన్ వచ్చే దర్గా అది. ఆ రోజుల్లో రోడ్డు పక్కన హల్వా అంగళ్ళు పరుస్తారు చూడు, కడపలో మంచి మిఠాయి తినాలంటే అప్పుడే.

పాతబస్టాండ్_పాషా
ఉరుసుకు వస్తా ఉంటాం అన్నా, అది మాకు తెలిసిందే. హల్వా సంగతి మాత్రం ఒప్పుకోను. మా వన్ టౌన్‌లో రంజాన్ నెలలో సాయంత్రం తిరిగితే డబుల్ కా మీఠా, ఫిర్నీ, ఖుబానీ, యాడ చూసినా అవే. హంద్రీ_ఒడ్డు అన్నా, నీకు ఇంకో మాట. మిగతా పదకొండు నెలలు డబుల్ కా మీఠా కావాలంటే స్వీటంగడికి పోవద్దు. పెండ్లి వంటలు చేసేవాళ్ళను పట్టుకో. ఆదివారం ఏదో ఒక ఫంక్షన్ హాల్లో చేస్తానే ఉంటారు, ముందురోజు చెప్తే కిలో ఎక్కువ వేసి పక్కన పెడతారు. బ్రెడ్డు నేతిలో ఎర్రగా వేగాల, పాకంలో వేసినాక కూడా అంచు గట్టిగా తగలాల. మెత్తగా ముద్దైపోయిందంటే అది బ్రెడ్డు పాయసమే.

హంద్రీ_ఒడ్డు
ఇదీ నాకు కావాల్సింది. ఇట్లాంటివి చెప్పండి. బళ్ళారి, మద్రాసు రాష్ట్రం అవన్నీ తర్వాత.

పెద్దమార్కెట్_శెట్టి
స్వీటంగడి ఎట్ల కనిపెట్టాలో చెప్తా, పేరు చెప్తే మీరందరూ పోయి రేటు పెంచుతారు. మైసూర్‌పాక్ ఎప్పుడు చేస్తారో అడగండి. పొద్దున పదకొండుకు, సాయంత్రం నాలుగుకు అని టైం చెప్పగలిగితే ఆ అంగడి మంచిది. "ఎప్పుడూ ఉంటది సార్" అంటే వచ్చేయండి. నేను పోయే అంగడి మార్కెట్ వెనకాల సందులో ఉంది, బోర్డు కూడా సరిగ్గా లేదు, భట్టీ అంగడి వెనకనే, పొయ్యి కనపడతాది. మాస్టరు పాకంలో శనగపిండి పోసి తిప్పుతానే ఉంటాడు, పక్క పొయ్యి మీద నెయ్యి కాగుతాంటాది. గరిటెతో కాగే నెయ్యి పోసినప్పుడల్లా పిండి బుస్సుమని పొంగుతాది, అణిగేలోపల మళ్ళా గరిటె. ఆ పొంగు సరిగ్గా పట్టుకుని ట్రేలోకి వంపాల. అర నిమిషం ముందైతే ముద్ద, అర నిమిషం లేటయితే పొడి. వంపినాక గరిటెతో తట్టి చదును చేయకూడదు, తడితే గుల్లలన్నీ మూసుకపోతాయి. కోసినాక చూడండి, మధ్యలో ఎర్రగా, అంచులు పసుపు. ఆ ఎరుపు రంగు వేసేది కాదు, మధ్యలో వేడి నిలబడి వచ్చేది.

నంద్యాల_చెక్‌పోస్ట్
శెట్టిగారూ ఇప్పుడంతా నోట్లో వేస్తే కరిగిపొయ్యే మెత్త మైసూర్‌పాకే కదా అడుగుతాండేది. మా పిల్లోళ్ళు గుల్లది కొరకరు.

పెద్దమార్కెట్_శెట్టి
మెత్తది బాగుండదని నేనన్లే. అది వేరే వస్తువు. దాంట్లో నెయ్యి ఎక్కువ, పనితనం తక్కువ.

ఉగ్గాని_బజ్జి
మెత్తది వేరే వస్తువంట! శెట్టిగారూ, పనితనం లేకుండా మెత్తది కూడా రాదు. నెయ్యి తేలిపోయి చేతికి జిడ్డు అంటిందంటే అయిపాయె. నేను రెండూ తింటా, ఎవరితోనూ పేచీ లేదు, షుగర్ టెస్టు ఆయనతో తప్ప.

సి_క్యాంప్_రూప
సందు పేరు చెప్పకుండా ఆశ పెట్టడం అన్యాయం శెట్టిగారూ.

పెద్దమార్కెట్_శెట్టి
పూలబజార్ వైపు నుంచి వస్తే వాసన చెప్తాది అమ్మా.

వీణ_శ్రీవల్లి
పాట సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను. మన ఊళ్ళో శారదా సంగీత కళాశాల ఉంది, ప్రభుత్వానిదే. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాట్యం. సాయంత్రం పూట క్లాసులు కాబట్టి నాతోపాటు బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఇంటర్ పిల్లలు అందరూ కూచుంటారు. నాలుగేళ్ళు సర్టిఫికెట్, తర్వాత రెండేళ్ళు డిప్లొమా. వినడానికి అయితే పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన జరిగే చోటికి రండి, ఎవరికైనా ప్రవేశం ఉంటుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో త్యాగరాజు పంచరత్న కృతులు అయిదూ వరసగా అందరం కలిసి పాడతాం. వినేవాళ్ళకంటే పాడేవాళ్ళే ఎక్కువమంది ఉంటారు, అది మా ఊరి ఆరాధన గొప్పతనమో లోపమో మీరే చెప్పండి. కొంతమందికి వరాళి రాగానే పుస్తకం అవసరం పడుతుంది, పెదాలు మాత్రం ఆడిస్తారు.

బురుజు_కింద
మా అక్క కూడా అదే బ్యాచ్ అనుకుంటా, ఇంట్లో ప్రాక్టీసు చేస్తే మా కుక్క బయటికి పోతాది.

వీణ_శ్రీవల్లి
కుక్కకు శృతిజ్ఞానం ఉన్నట్టుంది. అక్కను శంకరాభరణం కాకుండా మాయామాళవగౌళ సరళీస్వరాలు సాధన చేయమనండి, ముందు అవి కుదరాలి.

హంద్రీ_ఒడ్డు
శ్రీవల్లి గారూ, కచేరీలు? అంటే పేరున్నోళ్ళు వచ్చి పాడేవి?

వీణ_శ్రీవల్లి
నెలనెలా జరిగే సభలు చెన్నైలో మాదిరి మనకు లేవు. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. శ్రీరామనవమి పందిళ్ళు, దసరా, ఆరాధన, గుళ్ళల్లో ఉత్సవాలు, అప్పుడే పెద్దవాళ్ళు వస్తారు. మంచి సంగీతం కోసమైతే శ్రావణ బహుళంలో మంత్రాలయం పోండి, రాఘవేంద్రస్వామి ఆరాధన రోజుల్లో. దాసర పదాలు (హరిదాసుల కన్నడ పాటలు), వేణువు, వీణ, రోజూ సాయంత్రం ఉంటాయి, తుంగభద్ర పక్కనే. వచ్చేటప్పుడు పరిమళ ప్రసాదం తెచ్చుకోవచ్చు. రవ్వ, చక్కెర, నెయ్యి, యాలకులు, అంతే. ఇంట్లో ఎంతమంది ప్రయత్నించినా ఆ రుచి రాదు.

అనంత_ఎండ
సంగీతం అంటే పుట్టపర్తి మాదే. సాయి కుల్వంత్ హాల్లో పాడని పెద్ద విద్వాంసుడు ఎవరు చెప్పండి.

బురుజు_కింద
పుట్టపర్తి ఇప్పుడు మీ జిల్లా కాదప్పా. 2022లో శ్రీసత్యసాయి జిల్లా అయిపాయె. ధర్మవరం కూడా అటే పాయె. నీకు తాడిపత్రి ఒకటే మిగిలింది, అది గట్టిగా పట్టుకో.

అనంత_ఎండ
మరి అహోబిలం, శ్రీశైలం, బనగానపల్లె మామిడికాయలు అన్నీ నంద్యాలకు పోయినాయి కదా మీకు మిగిలిందేంది? బురుజు.

నంద్యాల_చెక్‌పోస్ట్
నా పేరు చూసి నన్ను మధ్యలోకి లాగొద్దు, నేను ఉండేది కర్నూల్లోనే, చెక్‌పోస్ట్ ఇవతల.

తుంగభద్ర_గాలి
జిల్లాల గొడవ ఆపి ఒక విషయం వినండి. 2009 అక్టోబర్ వరదలో ఏమేం పోయినాయో ఇండ్లు, సామాన్లు అని అందరూ చెప్తారు. మా వీధిలో నాటకాల డ్రెస్సులు బాడుగకిచ్చే పెద్దాయన ఉండ్య. రెండు గదుల నిండా ట్రంకుపెట్టెలు. కిరీటాలు, భుజకీర్తులు, గదలు, గడ్డాలు, మీసాలు, జరీ పంచెలు. నీళ్ళు తగ్గినాక పెట్టెలు తెరిస్తే అట్టతో చేసిన కిరీటాలన్నీ బురదముద్దలైనాయి, జరీ నల్లగా అయిపాయె, ఒక్క ఇత్తడి గద మిగిలింది. మళ్ళా కొనాలంటే లక్షల్లో పని. ఆయన ఆ యాపారం వదిలేసినాడు. చుట్టుపక్కల పల్లెల్లో నాటకం కట్టాలంటే ఆయన దగ్గరికే వస్తాండ్రి. డ్రెస్సుల కోసం దూరం పోవాల్సి వస్తే ఖర్చు డబుల్, దాంతో ఎన్నో ఊర్లలో నాటకం ఆగిపోయింది. మనం టీవీ వచ్చి నాటకం పోయింది అంటాం. మా వైపు మాత్రం నీళ్ళొచ్చి పోయింది.

హార్మోనియం_మామ
నిజం. వరదలో నా పాత పెట్టె కూడా పోయింది, రీడ్స్ తుప్పు పట్టి. నాటకం కట్టే ఊర్లు ఇప్పటికీ ఉన్నాయి, శ్రీరామనవమికి, తిరునాళ్ళకు. కాకపోతే హార్మోనియం, తబలా, స్త్రీ పాత్రలు, డ్రెస్సులు, మేకప్, అన్నీ బయటినుంచి తెచ్చుకోవాల. ఊరోళ్ళు చందాలేసుకుని, సొంత డబ్బు పెట్టి వేషం కట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. దుర్యోధనుడి వేషానికి మాత్రం పోటీ. ధర్మరాజు వేషానికి బతిమాలాల.

ఉగ్గాని_బజ్జి
ధర్మరాజుగా ఉండాలంటే ఎవరికి ఇష్టం మామా, ఊర్లో కూడా అంతే కదా

విజయవాడ_కోడలు
నేరుగా విషయానికి వస్తున్నాను. నేనే ఆ "ఆవిడ"ని. ఈయన రాసిన దాంట్లో సగమే ఉందండి. పోయిన నెల నాటకానికి వెళదామని అడిగింది నేను. క్రికెట్ ఉందన్నది ఈయన. మా విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం పక్కనే పెరిగాను, నాటకాలూ నాట్యాలూ నాకేం కొత్త కాదు. నాకు కర్నూలు మీద ఒకటే ఫిర్యాదు. రూప గారు చెప్పిన చోటికే మా ఆడపడుచుతో కలిసి వెళ్ళాను. కార్డులో ఆరు గంటలు అని వేశారు. ఆరున్నరకి జ్యోతి వెలిగించారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరికి శాలువాలు. శాలువా కప్పినాయన మాట్లాడటం, కప్పించుకున్నాయన మాట్లాడటం, ఇద్దరూ కలిసి ఫోటో దిగటం. ఎనిమిదికి తెర లేచింది. అప్పటికి పిల్లలు నిద్రపోయారు, మేమూ లేచి వచ్చేశాం. నాటకం బాగుందో లేదో కూడా నాకు తెలీదు.

సి_క్యాంప్_రూప
అయ్యో వదినా 😂 శాలువాల సంగతి చెప్పడం మర్చిపోయినా.

బురుజు_కింద
అన్నా దొరికిపోయినావ్

హంద్రీ_ఒడ్డు
అది ఫైనల్ మ్యాచ్.

విజయవాడ_కోడలు
కాదు. సెమీఫైనల్ కూడా కాదు.

తుంగభద్ర_గాలి
శాలువాల మీద కోపం నాకూ ఉంది కానీ ఒక మాట. టికెట్ లేదు కదా ఆ నాటకానికి. హాలు బాడుగ, లైట్లు, బయటినుంచి వచ్చిన ట్రూపుకు చార్జీలు, భోజనాలు, ఇవన్నీ ఇచ్చేది ఎవరు? ఆ శాలువా కప్పించుకునే ఆయనే. ఆయన డబ్బులిచ్చినాడు, పది నిముషాలు మాట్లాడతాడు. మనం వంద రూపాయల టికెట్ కొంటే ఆయన అవసరం ఉండదు. సినిమాకు పాప్‌కార్న్‌కే మూడొందలు పెడతాం.

పాతబస్టాండ్_పాషా
వంద పెడితే ఎవరొస్తారు అన్నా? ఉచితమైతేనే సగం కుర్చీలు ఖాళీ.

హార్మోనియం_మామ
ఉచితం కాబట్టే ఖాళీ. టికెట్ కొన్నోడు టైంకు వస్తాడు, టైంకు తెర తీయకపోతే అడుగుతాడు. ఊరికే వచ్చినోడు ఊరికే పోతాడు. నా ఎరికలో టికెట్ పెట్టి ఆడిన పల్లె నాటకాల్లో చీకటిపడేలోపు చాపలు పరిచి జాగా పట్టుకుంటాండ్రి.

వీణ_శ్రీవల్లి
మామగారితో ఒప్పుకోను. ఆరాధనకి టికెట్ పెడతామా? పిల్లల అరంగేట్రానికి పెడతామా? టికెట్ పెడితే వచ్చే ఆ పదిమంది ముసలివాళ్ళు కూడా రారు, వాళ్ళే మాకు అసలు శ్రోతలు, తాళం తప్పితే మొహం చిట్లించేది వాళ్ళే. చేయాల్సింది ఒక్కటే, సన్మానాలు చివరికి పెట్టాలి.

పెద్దమార్కెట్_శెట్టి
చివరికి పెడితే చూసేవాళ్ళు ఎవరుంటారమ్మా, అప్పుడు డబ్బులిచ్చేవాళ్ళు ఎవరుంటారు. ఇంటర్వెల్‌లో పెట్టండి. జనం టీ తాగేటప్పుడు వాళ్ళు శాలువాలు కప్పుకుంటారు, ఎవరికీ నష్టం లేదు.

ఉగ్గాని_బజ్జి
యాపారస్తుడి బుర్ర 👏

నంద్యాల_చెక్‌పోస్ట్
సినిమా హాళ్ళ గురించి కూడా అడిగినాడు కదా. మాల్ వద్దంటే ఇంక సింగిల్ స్క్రీన్లే. ఆనంద్ టాకీస్ అంటే హంద్రీ బ్రిడ్జికి కూడా ఆ పేరే చెప్తాం, అంత గుర్తు అది మాకు. నేను మాత్రం పెద్ద సినిమా మొదటి వారం పోను. మూడో వారం, ఆదివారం కాకుండా, రాత్రి ఆట, బాల్కనీ. హాల్లో పాతికమంది ఉంటారు, కాళ్ళు చాపుకోవచ్చు. ఒక హాల్లో (పేరు చెప్పను) ఎడమ పక్క స్పీకరు పలకదు, ఆడ కూచుంటే హీరో మాత్రమే మాట్లాడతాడు, విలన్ నోరు మెదుపుతాడు. ఇంటర్వెల్‌లో ఉల్లిపాయ సమోసా చిన్నవి, నాలుగు తింటే గాని ఆనదు. అవి మాల్లో దొరకవు.

పాతబస్టాండ్_పాషా
సమోసా కోసమే పోయినోళ్ళం ఉన్నాం.

తుంగభద్ర_గాలి
వినాయకచవితి మర్చిపోయినారు అందరూ. తొమ్మిది రోజులు ఊరంతా వేదికే. ఒక సందులో ఆర్కెస్ట్రా, ఒక సందులో హరికథ, ఇంకో సందులో చెక్కభజన. నడుచుకుంటా పోతే ఒక పాట చివరి చరణం, ఇంకో పాట పల్లవి కలిసి వినపడతాయి. తర్వాత కేసీ కెనాల్ వినాయక ఘాట్‌లో నిమజ్జనం, అది చెప్పే పని లేదు. చెక్కభజన మాత్రం వదలొద్దు, అడుగు మారేటప్పుడు చెక్కలన్నీ ఒకేసారి ఆగుతాయి.

సి_క్యాంప్_రూప
పనికొచ్చే పని ఒకటి చేద్దాం. నేను కళాక్షేత్రం మీదుగానే రోజూ పోతా, గేటు దగ్గర ఏ బ్యానర్ కడితే అది ఫోటో తీసి ఈ థ్రెడ్‌లోనే పెడతా. కలెక్టరేట్‌లో సునయన ఆడిటోరియంలో కూడా అప్పుడప్పుడు ఉంటాయి, అవి ఎవరన్నా చూడండి. టీటీడీ కల్యాణమండపం కూడా.

వీణ_శ్రీవల్లి
సంగీతం ఉన్నవి నేను రాస్తాను. రాగాల పేర్లు కూడా రాస్తాను, ఎవరికీ అక్కర్లేకపోయినా.

పాతబస్టాండ్_పాషా
సునయన నేను చూస్తా, మా ఆఫీసు ఆ పక్కనే.

హార్మోనియం_మామ
శనివారం కళాక్షేత్రంలో పద్యనాటకం ఉంది. నేనే పెట్టె వాయిస్తాండా కాబట్టి ఇది ఖాయం. కార్డులో ఆరు అని ఉంది.

విజయవాడ_కోడలు
కార్డు సంగతి సరే మామగారూ, తెర ఎప్పుడు?

హార్మోనియం_మామ
ఏడున్నర అనుకోమ్మా. ముగ్గురికే సన్మానం అంట ఈసారి. అందులో ఒకాయన కొంచెం మాట్లాడతాడు.

పెద్దమార్కెట్_శెట్టి
నాలుగు గంటల భట్టీకి వచ్చి మైసూర్‌పాక్ తీసుకుని పోండి, వేడిగా ఉంటది. మామకు కూడా ఒక పొట్లం.

హార్మోనియం_మామ
పాడేవాళ్ళకు ఇవ్వొద్దు, గొంతు పట్టేస్తాది. నాకు పర్వాలే, నాకు చేతులతోనే పని.

హంద్రీ_ఒడ్డు
బండి యాడ పెట్టాల? లోపల జాగా ఉంటదా?

సి_క్యాంప్_రూప
సన్మానాలకు వచ్చిన కార్లతో లోపల నిండిపోతది అన్నా. రైతుబజార్ పక్కన పెట్టి నడిచి రండి. వాళ్ళు ఏడున్నరకు పోతారు, అప్పుడు లోపల పెట్టుకోవచ్చు.

విజయవాడ_కోడలు
రూపా, మూడో శాలువా పడగానే నాకొక మెసేజ్ పెట్టమ్మా. అప్పుడు బయల్దేరతాం.